తలుపు వెనక నుంచి వచ్చిన మాట

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ అనుకోలేదు. ఇప్పటికీ అనుకోవడం లేదని రాద్దామనే కూర్చున్నాను. ఆ వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోతోంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను నీటిపారుదల శాఖలో గేజి రీడర్‌గా ముప్పై మూడేళ్లు పనిచేశాను. నాగావళి ఒడ్డున పాతిన కొలబద్ద మీద నీరు ఎంతవరకు వచ్చిందో చూసి పుస్తకంలో రాయడం నా పని. ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు. వరద రోజుల్లో గంటగంటకీ. ఆ కొలబద్దకు నాలుగు అడుగుల అవతలే శ్మశానం. ఒక పక్క చితి కాలుతుంటే ఇటు నీటి మట్టం రాసుకున్న రోజులు చాలా ఉన్నాయి. నాకు ఒక్కనాడూ ఏదీ కనిపించలేదు, వినిపించలేదు.

ఆ ఉద్యోగంలో మాకు మొదట నేర్పింది ఒకటే. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. నీరు పెరిగితే పెరిగిందని రాయడం మన వంతు. వరద వస్తుందా, ఊళ్లు ఖాళీ చేయించాలా అన్నది పైవాళ్లు చూసుకుంటారు. ఇంట్లో డైరీ కూడా అలాగే రాశాను. పెళ్లయిన ఏడాది నుంచి ఒక్క రోజు ఖాళీ లేదు. ఇక్కడ నేను చెప్పే రోజులూ మాటలూ ఆ డైరీలోవే.

నా భార్య పేరు అప్పలనర్సమ్మ. మా మేనమామ కూతురు. కడదాకా నన్ను బావా అనే పిలిచింది. వాళ్లది నెల్లిమర్ల దగ్గర పల్లె, వరీ చోళ్లూ పండించుకునే కుటుంబం. వాళ్లమ్మ పైడమ్మ, అంటే మా అత్త, చిన్నప్పుడు నన్ను చంకనేసుకు తిప్పిన మనిషే. కాని పెళ్లయిన నాటి నుంచి నా ఎదటపడలేదు. మా వైపు పాత ఇళ్లలో అత్త అల్లుడి ముందు నిలబడదు, అతనితో నేరుగా మాట్లాడదు. నేను గుమ్మం దగ్గర ఒకసారి దగ్గేవాణ్ణి. ఆవిడ లేచి తలుపు వెనక్కి వెళ్లేది. ఏమైనా చెప్పాలంటే అక్కడి నుంచి కూతురికి చెప్పేది.

"మీ బావకి సెప్పు, ఎండలో ఎల్లొద్దని."

నాకు వినిపిస్తూనే ఉండేది. నా జవాబు కూడా కూతురికే చెప్పేవాణ్ణి, ఆవిడ వినేది. "ఒకే గదిలో ఉన్నారు ఇద్దరూ. మద్దిన నాను టపా మోస్తన్నాను" అని నర్సమ్మ నవ్వేది. ఆవిడ బతికినంత కాలం ఇలాగే నడిచింది. ఆవిడ గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆకూ వక్కా లేకుండా ఉండేది కాదు. నడుములో ఎప్పుడూ సున్నం డబ్బీ దోపుకుని ఉండేది. ఆవిడ పోయి పద్దెనిమిదేళ్లు దాటింది.

నర్సమ్మకి రొమ్ములో కాన్సర్ అని తేలితే విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించాం. రెండేళ్లు బాగానే ఉంది. తర్వాత నడుము నొప్పి మొదలైంది. జబ్బు ఎముకల్లోకి దిగిందన్నారు. నెలకొకసారి ఎముకలకు ఇంజక్షన్, రోజుకు రెండు మాత్రలు రాశారు. ఆ మాత్రలు సుద్దముక్కల్లా తెల్లగా, పొడుగ్గా ఉండేవి. ఇంట్లో వాటిని ఎముకల మాత్రలు అనేవాళ్లం. నేనూ అనేవాణ్ణి, మా అమ్మాయి పద్మా అనేది. డైరీలో కూడా ఆ పేరే ఉంది.

కొన్నాళ్లకు ఆమదాలవలసలో రైలెక్కి అంత దూరం కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. రెండు నెలలు ఇంజక్షన్ తప్పింది. మాత్రలు మాత్రం తప్పలేదు. వేసిన ప్రతి మాత్రకీ డైరీలో ఒక టిక్కు పెట్టాను. ఒక్కటి కూడా తప్పలేదని అప్పట్లో నాకు గర్వంగా ఉండేది.

జూన్ ఆఖరి వారంలో డైరీలో ఇలా ఉంది. "నీళ్లు పదకొండు గ్లాసులు. నాలుగు రోజులుగా విరేచనం లేదు. అన్నం వద్దంది. పగలు కూడా నిద్ర." మరో ఆరు రోజులకు, "నీళ్లు పదిహేడు గ్లాసులు. కాళ్లలో బలం లేదు, పట్టుకుని నిలబెట్టాలి. పద్మను చూసి ఈ పిల్ల ఎవరు అంది."

పద్మను ఆమదాలవలసలోనే ఇచ్చాం. పొద్దున్నే వంట ముగించుకుని ఆటోలో అరసవల్లిలోని మా ఇంటికి వచ్చి, సాయంత్రం వెళ్లిపోయేది. వాళ్లమ్మ తనను పోల్చుకోలేదని ఆ రోజు వంటింట్లో ఏడ్చింది. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్దామా అంది. ఇరవయ్యో తారీకున చూపించుకోవాల్సిన రోజు ఎలాగూ ఉంది కదా అన్నాను. కాగితం మీద ఆ తారీకే రాసి ఉంది.

నీరు పెరుగుతోంది. నేను రాస్తున్నాను.

ఆ మర్నాడు పదకొండు గంటలకు మాత్రలు పట్టుకుని గదిలోకి వెళ్లాను. నర్సమ్మ తలుపు వైపు చూస్తూ పడుకుని ఉంది. నన్ను చూసి, నాతో కాకుండా పక్కకు తిరిగి మెల్లగా అంది.

"అమ్మా, బావొచ్చేడు. తలుపెనక్కెల్లు."

నేను వెనక్కి తిరిగి చూశాను. తలుపు వెనక గొడుగూ చీపురూ తప్ప ఏమీ లేవు. ఆమె ముఖంలో భయం లేదు. ఇంటికి చుట్టం వచ్చినప్పుడు ఆడవాళ్ల ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. జబ్బు మనిషి, మనసు చెదిరింది అనుకున్నాను. మాట మాత్రం ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

రెండు రోజుల తర్వాత మాత్రలు చేతిలో పెడితే నాలుగు మింగింది. ఎముకల మాత్ర ఇవ్వగానే నోరు మూసేసింది.

"అమ్మ ఒద్దంతంది. పిల్లకి సున్నం పెట్టొద్దని మీ బావకి సెప్పు అంతంది."

ఎంత బతిమాలినా మింగలేదు. సాయంత్రం కూడా అంతే. నొప్పి మాత్ర, బీపీ మాత్ర, కడుపు మంట మాత్ర, ఇంకో చిన్న తెల్ల మాత్ర అన్నీ వేసుకునేది. అదొక్కటే వద్దనేది. ప్రతిసారీ తలుపు వైపు ఒకసారి చూసి, చెప్పింది విన్నట్టు తల ఊపి, అప్పుడు నాకు చెప్పేది. టపా మోసినట్టే.

పద్మ భయపడింది. "నాన్నా, అమ్మమ్మ నిజంగానే ఒచ్చినట్టున్నాది. మా ఈదిలో ఒకాయన ఉన్నాడు, తాయెత్తు కడతాడు. పిలిపిద్దామేటి?"

"మీ అమ్మకి జబ్బు. డిగ్రీ సదివినదానివి, అలాటి మాటలేటి?" అన్నాను.

"సదువుకున్నోల్లకి అమ్మమ్మలుండరేటి?" అని గొణుక్కుంటూ వెళ్లింది.

మాత్ర తప్పకూడదన్నది ఒక్కటే నా ధ్యాస. ఎముకలు పిండి కాకుండా ఆపుతున్నది అదేనని నమ్మాను. పెరట్లోకి వెళ్లి చిన్న కల్వంలో మాత్రను నూరి, మజ్జిగలో కలిపి, అల్లం, ఉప్పు, కరివేపాకు వేశాను. పద్మ అప్పుడు వీధిలో కూరలు కొంటోంది. నేను కలపడం ఎవరూ చూడలేదు. గ్లాసు తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను.

నర్సమ్మ తలుపు వైపు చూసింది. "ఇందల కూడా ఉందంట బావా" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

నేను పద్ధతిగా పనిచేసే మనిషిని. ఒకసారి జరిగింది లెక్కలోకి రాదు. మర్నాటి నుంచి ఒక పరీక్ష పెట్టాను. పద్మ వంటింట్లో రెండు స్టీలు గ్లాసుల్లో ఒకే మజ్జిగ పోయాలి. ఒకదాంట్లో నూరిన మాత్ర కలపాలి. ఏ గ్లాసులో కలిపిందో నాకు చెప్పకుండా పెరట్లోకి వెళ్లిపోవాలి. గ్లాసు అడుగున తను మాత్రమే పోల్చుకునే గుర్తు పెట్టుకోవాలి. నా ముఖం చూసి నర్సమ్మ కనిపెడుతోందేమో అన్నది నా అనుమానం. నాకే తెలియకపోతే ఇంక నా ముఖంలో ఏముంటుంది?

ఆరు రోజులు చేశాం. నేను చెరో చేత్తో పట్టుకుని నిలబడితే రెండు గ్లాసులూ ఆమె మంచానికి బారెడు దూరంలో, ఆమె తల కంటే ఎత్తుగా ఉండేవి. ఆమె లేవలేదు, లోపలికి చూడలేదు, రుచి చూడలేదు. తలుపు వైపు చూసి, "ఎడం సేతిది ఒద్దంట" అనో, "కుడి సేతిది ఒద్దంట" అనో చెప్పి రెండోది తాగేది. తర్వాత నేను గ్లాసులు తీసుకెళ్తే పద్మ గుర్తు చూసి చెప్పేది. ఆరు రోజులూ నర్సమ్మ వద్దన్నది మాత్ర కలిపిన గ్లాసే.

ఆరో రోజు పద్మ గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడింది. "నాన్నా, ఆపేద్దాం ఈ మాత్ర" అంది.

ఆపలేదు. ఆ రోజు పేజీ అడుగున ఇలా రాశాను. "వాసనలో తేడా కావచ్చు." ఇన్నేళ్లలో చూసింది కాకుండా అనుకున్నది డైరీలో రాయడం అదే మొదలు.

మర్నాడు నేను చేసిన పని గురించి రాయడానికే ఇదంతా రాస్తున్నాను.

మజ్జిగ గ్లాసు పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. ఆమె తలుపు వైపు చూసింది. నేనూ తలుపు వైపు తిరిగాను. అక్కడ ఎవరూ లేరని నాకు తెలుసు. నర్సమ్మ వినేలా అన్నాను.

"అత్తా, నీ కూతురు మందు మింగడం నేదు. నువ్వైనా సెప్పు."

పెళ్లయ్యాక ఆవిడను నేను నేరుగా పిలిచింది అదే మొదటిసారి. బతికుండగా ఒక్కసారి కూడా ఆ మర్యాద దాటలేదు. కాసేపు ఆగి, నర్సమ్మ వైపు తిరిగి, "అత్త సరేనన్నాది. తాగేమంతంది. తాగు" అన్నాను.

నర్సమ్మ తలుపు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు గురించి డైరీలో ఏమీ లేదు, ఏ మాట రాయాలో తెలియక వదిలేశాను. గ్లాసు తీసుకుని మొత్తం తాగింది. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి అంది.

"అమ్మ నీకేసి సూసి మాటాడకుండా ఎల్లిపోనాది బావా."

టిక్కు పెట్టాను.

ఆ సాయంత్రం నుంచి మాత్ర నోట్లో పెడితే మింగేది. తలుపు వైపు చూడలేదు. అమ్మ అన్న మాటే లేదు. పని సాధించాననుకున్నాను. నాలుగో రోజుకు పిలిస్తే కళ్లు తెరవడం మానేసింది. ఇరవయ్యో తారీకు ఇంకా రెండు రోజులుంది. పద్మ నన్ను అడగలేదు. అల్లుడితో చెప్పి కారు మాట్లాడి, ఆమెను వెనక సీటులో పడుకోబెట్టి విశాఖపట్నం తీసుకెళ్లాం.

ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ చూసింది. నాకు మనవరాలి వయసుంటుంది. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడిగితే డైరీ తీసి ఇచ్చాను. నిలబడే చదివింది. నా డైరీ ఇంకొకరు చదవడం అదే మొదలు.

"అన్నీ రాశారు తాతగారూ. దాహం, మలబద్ధకం, నిస్సత్తువ, మగత, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం. వరసగా, రోజువారీగా ఉన్నాయి. మరి ఎవరికీ చూపించలేదా?"

రక్తం పరీక్ష వచ్చాక వివరంగా చెప్పింది. ఇలాంటి కాన్సర్లలో కొందరికి ఎముకలు కరిగి అందులోని కాల్షియం రక్తంలోకి వచ్చేస్తుందట. అది మితిమీరితే నరాలు మొద్దుబారతాయి, మెదడు మందగిస్తుంది. మనిషి తికమక పడతారు, లేనివాళ్లు కనిపిస్తారు, ఆఖరికి స్పృహ పోతుంది. ఎంత దాహం వేసినా ఒంట్లో నీరు నిలవదు. తొందరగా వస్తే సెలైన్లతోనూ ఇంజక్షన్‌తోనూ దించవచ్చు.

తర్వాత మందుల సంచి చూసింది. తెల్ల మాత్రల అట్ట బయటికి తీసింది.

"ఇవి ఇంకా వేస్తున్నారా?"

"ఎముకల మాత్రలమ్మా. మధ్యలో కొన్నాళ్లు వద్దంది గాని, మళ్లీ వేయించాను."

ఆమె అట్ట వెనక్కి తిప్పి నాకు చూపించింది. "ఇది కాల్షియమే తాతగారూ. మీ భాషలో చెప్పాలంటే సున్నం. ఇప్పుడు ఆమెకి ఇవ్వకూడనిది ఇదే." నా ముఖం చూసిందేమో, వెంటనే సర్దింది. "వీటివల్ల వచ్చింది కాదు. ఇవి లేకపోయినా వచ్చేదే. పెరిగినదాంట్లో జబ్బు వంతే ఎక్కువ, ఈ మాత్రల వంతు తక్కువ."

ఆ పిల్ల మంచి మనసుతో అంది. కాని గట్టు అంచుకు చేరిన ఏటికి అంగుళం ఎంతో నాకు తెలుసు.

గ్లాసుల పరీక్ష ఉన్న పేజీలు తీసి చూపించాను. ఈ జబ్బులో వికారం వల్ల వాసనలు ఎక్కువ తెలియవచ్చు, పోయిన ఆత్మీయులు కనిపించడం మామూలే అంది. అది సున్నమని నర్సమ్మకి ఎవరు చెప్పారు, ఆరుకు ఆరుసార్లు ఎలా చెప్పింది అని అడిగాను. ఆమె పేజీలు మళ్లీ తిప్పింది. డైరీ మూసి నా చేతికిచ్చింది. "అది నాకు తెలీదు తాతగారూ" అంది.

ఐదో రోజు నర్సమ్మకి తెలివి వచ్చింది. పద్మను పేరు పెట్టి పిలిచింది. నన్ను చూసి, "గెడ్డం గీసుకోలేదేటి, దొంగోడి నాగున్నావు" అంది. ఆమె కాస్త కుదుటపడ్డాక, మీ అమ్మ ఏమైనా చెప్పిందా అని అడిగాను.

"అమ్మేటి? అమ్మ పోయి ఎన్నేల్లయినాది. నాకు మతిపోనాదని నీకూ పోనాదేటి బావా?" అని నవ్వింది.

ఆ ఇరవై రోజులు ఆమెకు ఏమీ గుర్తులేదు. తలుపు లేదు, గ్లాసులు లేవు, నేనాడిన అబద్ధమూ లేదు. తప్పు ఒప్పుకుందామంటే ఆ తప్పు జరిగినట్టు తెలిసిన మనిషే లేదు.

ఇంట్లో మూడు వారాలు బాగుంది. తర్వాత మళ్లీ దాహం మొదలైంది. ఈసారి రాస్తూ కూర్చోలేదు, రెండో రోజే తీసుకెళ్లాను. కాల్షియం మొదటిసారి కంటే ఎక్కువ ఉందన్నారు. అవే సెలైన్లు, అదే ఇంజక్షన్. ఈసారి దిగలేదు. వారం తర్వాత డాక్టరమ్మ నన్నూ పద్మనూ బయటికి పిలిచి, ఇంటికి తీసుకెళ్లమంది.

ఇంట్లో తొమ్మిది రోజులు ఉంది. మొదటి కొన్ని రోజులు మగతలో మాట్లాడుతూనే ఉంది. చిన్నప్పుడు జ్వరంతో పోయిన తమ్ముడు వచ్చాడంది. పుట్టింటి గేదె వచ్చి మంచం కోడు నాకుతోందని పద్మను తోలమంది. పద్మ ఏడుస్తూనే హెయ్ హెయ్ అని తోలింది. ఎవరెవరో వచ్చారు. వాళ్లమ్మ ఒక్కర్తే రాలేదు.

"అమ్మేది బావా? అందరూ ఒచ్చేరు. అమ్మెందుకు రాదు?"

రోజంతా అదే అడిగేది. తలుపు వైపు చూసేది. అక్కడ ఎవరూ లేనట్టు కళ్లు తిప్పుకునేది. నీళ్లు తాగించబోతే, ఇది తాగొచ్చో లేదో అమ్మనడగాల అనేది.

మూడో రోజు నుంచి నేను ఆ గదిలో ఉండటం మానేశాను. నేను ఎదురుగా ఉంటే ఆవిడ రాదేమో అనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుపడటం లేదు. స్టూలు తెచ్చుకుని గది బయట, తలుపుకి ఇవతల, గోడకి ఆనుకుని కూర్చున్నాను. లోపలివాళ్లకి నేను కనబడను. నర్సమ్మకి ఏమైనా చెప్పాలంటే పద్మకి చెప్పేవాణ్ణి.

"మీ అమ్మకి సెప్పు, నాను గది బయటున్నానని. మీ అమ్మమ్మని రమ్మన్నానని సెప్పు. తప్పు నాదేనని సెప్పు."

పద్మ చెప్పేది. కాసేపటికి నేను అడిగేవాణ్ణి, "ఒచ్చినాదా?"

"నేదు నాన్నా."

డైరీలో ఆ రోజులకు నీళ్ల లెక్క లేదు, మందుల టిక్కులు లేవు. రోజుకు ఒక్క మాటే ఉంది. రాలేదు. ఏడో రోజు నుంచి నర్సమ్మ అడగడం కూడా మానేసింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక పోయింది. నేను తలుపుకి ఇవతలే ఉన్నాను.

డాక్టరమ్మ చెప్పినదంతా నేను నమ్ముతాను. రక్తంలో కాల్షియం పెరిగింది కాబట్టి మా అత్త కనిపించింది. సరే. అయితే రెండోసారి అది ఇంకా ఎక్కువ పెరిగింది కదా. తమ్ముణ్ణీ గేదెనీ తెచ్చిన సున్నం, కూతురు అంతలా పిలుస్తున్నా ఆవిడను ఎందుకు తేలేదు? డైరీ ముందూ వెనకా ఎన్నోసార్లు తిప్పాను. నేను రాసినదాంట్లో దీనికి జవాబు లేదు. నాకు తెలియదు.

ఆ గది ఇప్పుడు ఖాళీ. గొడుగూ చీపురూ తలుపు వెనకే ఉన్నాయి. దేనికైనా లోపలికి వెళ్లాల్సి వస్తే గుమ్మం దగ్గర ఆగి ఒకసారి దగ్గుతాను. ఒక మనిషి లేచి తలుపు వెనక్కి వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగి, అప్పుడు వెళ్తాను.